కొయ్య మీది వెలుగు: చేతిపని దారువస్తువుల ఛాయాచిత్రణలో పరిమిత సాధనాల చరిత్ర

వ్యాససంగ్రహం:

చేతితో చేసిన కొయ్యవస్తువును ఛాయాచిత్రంలో నమోదు చేసే పని పందొమ్మిదో శతాబ్ది నడుమ మొదలైంది. సూర్యకాంతి, తెల్లగుడ్డ, ఒక గోడ, ఒక దీపం వంటి చౌకసాధనాలతోనే ఈ పనికి సంబంధించిన మౌలిక పద్ధతులు రూపొందాయి. టాల్బట్, థర్స్టన్ థాంప్సన్, ఇసబెల్ కౌపర్, చార్లెస్ షీలర్, వాకర్ ఎవన్స్ పనితీరును ఆధారంగా చేసుకొని, వస్తువు ఆకృతి, ఉపరితలం, రంగు అనే మూడింటిలో ఏది చిత్రంలో నిలవాలో వెలుతురు ఎలా నిర్ణయించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ చరిత్ర వెలుగులో ఏటికొప్పాక, కొండపల్లి, ఉదయగిరి దారువస్తువుల చిత్రణ సమస్యలను చర్చిస్తుంది.

కీలకపదాలు: దారుశిల్పం, ఛాయాచిత్రణ, ఏటికొప్పాక, కొండపల్లి, లక్కపని, వెలుతురు, హస్తకళల నమోదు.

1. ఉపోద్ఘాతం:

హస్తకళల చరిత్ర రాసేవారు వస్తువును స్వయంగా చూసే సందర్భాలు తక్కువ. సంగ్రహాలయ సూచీలో, సర్వే నివేదికలో, అమ్మకపు పట్టికలో ఉన్న ఛాయాచిత్రాన్ని చూసి ఆ వస్తువును వర్ణించడం సాధారణంగా జరిగేది. రాగిశాసనం నకలును చదివే పండితుడు మూలంలో ఏ అక్షరం అరిగిపోయిందో, నకలులో ఏది తప్పిందో వేరు చేసి చూస్తాడు. ఛాయాచిత్రం విషయంలో ఆ జాగ్రత్త అంతగా కనిపించదు. చిత్రంలో నల్లగా ఉన్నది వస్తువులో కూడా నలుపేనని, చిత్రంలో నున్నగా ఉన్నది ఉలిజాడ లేనిదేనని పాఠకుడు నమ్ముతాడు.

ఈ నమ్మకాన్ని కొయ్య పరీక్షించినంతగా మరే పదార్థమూ పరీక్షించదు. పాలరాయి తెల్లగా ఉండి వెలుతురును అన్ని దిక్కులకూ సమంగా వెదజల్లుతుంది. కంచు, గాజు తమ మెరుపుతోనే తాము ఏమిటో చెప్పుకుంటాయి. కొయ్య ఈ రెండు గుణాలనూ కలుపుకొని ఉంటుంది. చిత్రిక పట్టిన పచ్చికొయ్య వెలుతురును పీల్చుకుంటుంది. దానికే లక్క పూస్తే అద్దంలా ఎదుటివస్తువును చూపుతుంది. కొయ్యచారలు ఒక కోణంలో బంగారుపోగుల్లా మెరిసి, వస్తువును కొద్దిగా తిప్పగానే కనుమరుగవుతాయి. ఈ స్వభావం వల్ల కొయ్యవస్తువును చిత్రించిన ప్రతివారూ ఏదో ఒకటి వదులుకోక తప్పలేదు. ఎవరు దేన్ని వదులుకున్నారన్నదే ఈ చరిత్రలో ప్రధానాంశం.

2. టాల్బట్ తెల్లగుడ్డ:

విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844-46 మధ్య భాగాలుగా వెలువరించిన 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' గ్రంథంలో 24 ఛాయాచిత్రాలున్నాయి. అందులోని వస్తుచిత్రాలు గదిలో తీసినట్లు కనిపించినా, ఆ కాలపు కాగితానికి గదివెలుతురు చాలేది కాదు. పుస్తకాల అరను చూపే చిత్రం కోసం టాల్బట్ లేకాక్ ఆబీలోని తన నివాసం వద్ద ఆరుబయట అరలు అమర్చి, ఎండలో తీశాడు. తెరిచిన తలుపు పక్కన ఆనించిన చీపురు ఉన్న ప్రసిద్ధచిత్రంలోనూ పక్కనుంచి వాలుగా పడిన ఎండ వల్లే తలుపుచెక్కకూ చీపురుకర్రకూ రూపం వచ్చింది. నిత్యం వాడే కొయ్యవస్తువు చిత్రానికి తగిన విషయమని చూపిన తొలి ఛాయాచిత్రాల్లో ఇది ఒకటి.

అదే గ్రంథంలో పాట్రోక్లస్ శిరోభాగశిల్పానికి రాసిన వివరణ ఈ వ్యాసానికి మరింత ముఖ్యమైనది. శిల్పాన్ని ఎండకు ఎదురుగా పెట్టవచ్చు, వాలుగా పెట్టవచ్చు, పీఠంపై తిప్పనూవచ్చు, ప్రతి మార్పుకూ కొత్త చిత్రం వస్తుందని టాల్బట్ గుర్తించాడు. మబ్బుపట్టిన రోజున ఫలితం మెరుగ్గా ఉంటుందని, ఎండలో తీయాల్సి వస్తే శిల్పానికి ఒక పక్కన కొంతదూరంలో తెల్లగుడ్డ పట్టుకుంటే ఎండ దానిపై పడి తిరిగి నీడభాగాన్ని కొద్దిగా వెలిగిస్తుందని సూచించాడు. ఈ రోజు థర్మోకోల్ పలకతో చేసే పని అదే. మబ్బు స్థానంలో కిటికీకి కట్టిన పలుచని పంచె వచ్చిందంతే. వస్తుచిత్రణలో ప్రాథమికపాఠం పుట్టుకతోనే ఖర్చు లేనిదిగా పుట్టింది. చౌకసాధనాలను ఇటీవలి రాజీగా భావించేవారు ఈ విషయాన్ని గమనించాలి.

టాల్బట్ గమనించిన మరో సంగతి రంగులకు సంబంధించినది. తెల్ల పింగాణీ, గాజు కలిపి తీస్తే పింగాణీ బొమ్మ ముందుగా పూర్తయి గాజు వెనకబడుతుందని, నీలపు వస్తువులు దాదాపు తెల్లవాటంత వేగంగా పడతాయని, ఆకుపచ్చ కిరణాలు మాత్రం చాలా మందకొడిగా పనిచేస్తాయని ఆయన రాశాడు. గోధుమరంగు కొయ్యకు ఈ పరిశీలన ఏ గతి పట్టించిందో నాలుగో భాగంలో చర్చకు వస్తుంది.

3. అద్దంలో దొరికిన ఛాయాచిత్రకారుడు:

1853లో లండన్‌లోని గోర్ హౌస్‌లో పాతకాలపు గృహోపకరణాల ప్రదర్శన జరిగింది. అక్కడి వస్తువులను ఛాయాచిత్రాలుగా తీసినవాడు చార్లెస్ థర్స్టన్ థాంప్సన్. వాటిలో 1700 ప్రాంతపు వెనీషియన్ అద్దం చిత్రం ఒకటి బాగా ప్రసిద్ధమైంది. వస్తువును వెలుతురు కోసం ఆరుబయటికి తెచ్చి తీశారు. అలంకృతమైన చట్రం నడుమ అద్దంలో థాంప్సన్, ఆయన కెమెరా, వెనుకనున్న ఆరుబయలు స్పష్టంగా కనిపిస్తాయి. అద్దం ఉన్న వస్తువును తీసేటప్పుడు తాను కనపడకుండా ఉండడం ఆయనకు సాధ్యపడలేదు. బహుశా అవసరమనీ అనిపించలేదు. మెరిసే ఉపరితలం తన ముందున్న ప్రపంచాన్నంతా చిత్రంలోకి తెచ్చిపెడుతుందని చెప్పడానికి దీనికంటే చక్కని సాక్ష్యం దొరకదు. లక్కబొమ్మను తీసే నేటి చేతివృత్తిదారుడు ఎదుర్కొనేది చిన్నపరిమాణంలో ఇదే చిక్కు. బొమ్మ బొజ్జపై కిటికీ, తలుపు, ఫోను పట్టుకున్న చేయి, అన్నీ ఉంటాయి.

థాంప్సన్ నేపథ్యం గమనించదగినది. ఆయన తండ్రి జాన్ థాంప్సన్ పేరుపొందిన కొయ్యచెక్కడపు చిత్రకారుడు. కుమారుడూ మొదట అదే వృత్తి చేశాడు. గట్టికొయ్య దిమ్మెపై సన్నని ఉలితో గీతలు చెక్కి, ఆ దిమ్మెతో పుస్తకాలకు బొమ్మలు అచ్చువేసే వృత్తి అది. 1856లో ఆయన తర్వాతి కాలంలో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంగా పేరొందిన సంస్థకు అధికారిక ఛాయాచిత్రకారుడయ్యాడు. 1868లో ఆయన మరణించాక ఆ బాధ్యత చేపట్టినది ఆయన సోదరి ఇసబెల్ ఆగ్నెస్ కౌపర్. ఆమె కూడా కొయ్యచెక్కడపు పని నేర్చినదే. 1891 వరకు ఆమె ఆ పదవిలో ఉండి సంగ్రహాలయ వస్తువులను చిత్రించింది. అంత పెద్ద సేకరణను నమోదు చేసిన ఈమె పేరు చాలాకాలం ఛాయాచిత్రణ చరిత్రల్లో కనిపించకపోవడం విచారకరం.

ఒక తరం కిందట కొయ్య బొమ్మకు మాధ్యమం. ఈ అన్నాచెల్లెళ్ళ చేతిలో అదే కొయ్య బొమ్మకు విషయమైంది. దిమ్మె చెక్కేవారికి ప్రతి గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నిర్ణయించడం అలవాటు; నీడ అంటే వారి దృష్టిలో చెక్కకుండా వదిలిన భాగం. నీడను ముందే లెక్కవేసుకునే ఈ శిక్షణ వస్తుచిత్రణకు పనికొచ్చి ఉంటుందని ఊహించడం అసంగతం కాదు. అన్నట్టు, ఆనాటి కెమెరా కూడా వడ్రంగి పనే. ఉష్ణదేశాల తేమకు జిగురు ఊడి అతుకులు విడిపోతుంటే, టేకుతో చేసి ఇత్తడిపట్టీలు బిగించిన కెమెరాలను ఇంగ్లండులోని తయారీదారులు ప్రత్యేకంగా అమ్మేవారు. కొయ్యను చిత్రించిన పరికరం తానే ఒక మేలైన కొయ్యవస్తువు.

4. నలుపెక్కిన ఎరుపు:

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ పద్ధతి చిత్రానికి అద్భుతమైన సూక్ష్మత ఇచ్చింది. అయితే ఆ పళ్ళానికి నీలం, ఊదా, అతినీలలోహిత కిరణాలు మాత్రమే తెలుసు. పసుపుపచ్చ మసకగా, ఎరుపు నలుపుగా నమోదయ్యేవి. కొయ్య రంగు పసుపు, నారింజ, ఎరుపు, గోధుమల నడుమ ఉంటుంది. అంటే ఆ పళ్ళెం దేన్ని చూడలేదో కొయ్యకు ఉన్నది సరిగ్గా అదే. నూకమాను వంటి చేవకొయ్య దాదాపు బొగ్గులా కనపడేది. కొయ్యలో తేలికరంగు, ముదురురంగు చారల మధ్య తేడా కొన్నిచోట్ల ఉన్నదానికంటే పెరిగి, కొన్నిచోట్ల పూర్తిగా పోయేది. ఎర్రలక్క, నల్లలక్క పూసిన రెండు వస్తువులు పక్కపక్కన ఉంటే చిత్రంలో విడదీయడం కష్టం. ఆ కాలపు సంగ్రహాలయచిత్రాలను చూసి కొయ్యజాతిని గుర్తించే ప్రయత్నం చేసేవారు ఈ పరిమితిని ముందుగా లెక్కలోకి తీసుకోవాలి.

1873లో జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్, పళ్ళెంలో కొన్ని రంగుద్రవ్యాలు కలిపితే అది ఆకుపచ్చ, పసుపు కిరణాలకు కూడా స్పందిస్తుందని కనుగొన్నాడు. ఎరుపును సైతం చూడగల పాంక్రొమాటిక్ పళ్ళాలు 1906లో ఇంగ్లండులో రాటన్ అండ్ వైన్‌రైట్ సంస్థ ద్వారా మార్కెట్టుకు వచ్చాయి. అంటే ఛాయాచిత్రణ మొదలైన ఆరు దశాబ్దాల పైచిలుకు కాలం కొయ్య తన నిజమైన వర్ణస్థాయిలో చిత్రానికి ఎక్కలేదన్నమాట.

ఈ లోటు భారతదేశపు హస్తకళల ప్రచురణలపైనా ప్రభావం చూపింది. 1884లో మొదలైన 'జర్నల్ ఆఫ్ ఇండియన్ ఆర్ట్' రంగులవస్తువుల కోసం విలియం గ్రిగ్స్ రాతిముద్రణ పద్ధతిని ఆశ్రయించింది. 1902-03 ఢిల్లీ ప్రదర్శనకు జార్జ్ వాట్ రూపొందించిన 'ఇండియన్ ఆర్ట్ ఎట్ ఢిల్లీ' సూచీలో చెక్కడపుకొయ్యకు ఛాయాచిత్రఫలకాలు వాడారు. చెక్కడంలో లోతు ముఖ్యం; నలుపు-తెలుపులో అది నిలుస్తుంది. లక్కపూతలో రంగు ముఖ్యం, అది నిలవదు. ఏ సాధనం దేన్ని చూడగలదో దానికే పుటలో చోటు దక్కడం వల్ల, చెక్కడపుపని కళగానూ, రంగుల లక్కపని ఆటవస్తువుగానూ స్థిరపడే ధోరణికి కొంత ఊతం లభించిందని భావించవచ్చు. దీనికి ఇతర కారణాలూ ఉన్నాయి కనుక మొత్తం భారం కెమెరాపై మోపడం సరికాదు.

5. షీలర్ నీడ, ఎవన్స్ కదిలే దీపం:

కొయ్యశిల్పాన్ని ఏ వెలుతురులో చూపాలన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దిలో అమెరికాలో రెండు పరస్పర విరుద్ధ సమాధానాలు వచ్చాయి. రెంటికీ విషయం ఆఫ్రికా దారుశిల్పమే.

1918 ప్రాంతంలో చిత్రకారుడు, ఛాయాచిత్రకారుడు చార్లెస్ షీలర్ న్యూయార్క్‌లోని మారియస్ ద జాయాస్ కోసం ఆఫ్రికా శిల్పాల చిత్రసంపుటి తయారుచేశాడు. ఒక పక్కనుంచి పడే గట్టి వెలుతురు, శిల్పం వెనుక తెరపై దిగే పదునైన నీడ ఆ చిత్రాల ప్రత్యేకత. నీడ కూడా శిల్పమంత బలంగా ఉండి కూర్పులో పాత్ర అవుతుంది. ఆనాటి నూతన చిత్రకళ మెచ్చిన కోణాలు, తలాలు అందులో ఉన్నాయి. శిల్పి చేతి ఉలిజాడ మాత్రం సగం చీకట్లో ఉండిపోయింది.

1935లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 'ఆఫ్రికన్ నీగ్రో ఆర్ట్' ప్రదర్శన ఏర్పాటు చేసింది. అందులోని వస్తువులను చిత్రించే పనిని వాకర్ ఎవన్స్‌కు అప్పగించింది. ఆయన తీసిన 477 చిత్రాలను సంపుటాలుగా కూర్చారు. వాటిలో కొన్ని నల్లజాతి విద్యార్థుల కళాశాలలకు చేరాయి. ప్రదర్శన చూడలేని విద్యార్థికి ఆ చిత్రమే వస్తువు. కాబట్టి ఎవన్స్ నాటకీయతను పక్కనపెట్టాడు. సాదా నేపథ్యం ముందు శిల్పాన్ని నిలిపి, కెమెరా కన్ను తెరిచి ఉన్నంతసేపూ దీపాన్ని వస్తువు చుట్టూ కదిలించే పద్ధతి అనుసరించాడు. ఏ ఒక్క నీడా నిలవదు. అన్ని నీడలూ ఒకదానిలో మరొకటి కరిగి, కొయ్య ఉపరితలం, పగులు, అరిగిన చోటు, ఉలిజాడ సమంగా వెల్లడవుతాయి. పది దీపాలతో చేయాల్సిన పనిని కదిలే దీపంతో చేయడం ఇందులోని కిటుకు. గదిని చీకటి చేసి, కెమెరాను కదలకుండా నిలిపి, కొన్ని సెకన్లపాటు చేతిలైటును తిప్పితే ఈ పద్ధతిని నేటి సాధారణ పరికరాలతోనూ అనుసరించవచ్చు.

రెండింటిలో షీలర్ చిత్రాలే చూడగానే ఆకట్టుకుంటాయి. పరిశోధకుడికి మాత్రం ఎవన్స్ చిత్రాలే ఎక్కువ అక్కరకొస్తాయి. అయితే ఎవన్స్ పద్ధతిలోనూ నష్టముంది. ఆ శిల్పాలు వాటి ఊళ్ళలో నిప్పు వెలుగులోనో, చెట్టునీడలోనో, నాట్యంలో కదులుతూనో కనిపించినవి. నీడలేని సమకాంతిలో ఏ ఊరివారూ వాటిని చూసి ఉండరు.

6. తెలుగునాట కొయ్య: మూడు ఉపరితలాలు:

తెలుగునేలకు చెందిన కళావస్తువులు ఛాయాచిత్రాలకెక్కిన తొలి ఉదాహరణల్లో అమరావతి శిల్పాలు ముఖ్యమైనవి. మద్రాసు ప్రెసిడెన్సీ ఛాయాచిత్రకారుడు లినేయస్ ట్రైప్ మద్రాసు సంగ్రహాలయంలోని ఆ ఫలకాలను 1858లో చిత్రించాడు. లేతరంగు సున్నపురాయి నాటి సాధనాలకు అనుకూలం. రంగుల కొయ్యబొమ్మకు ఆ అదృష్టం పట్టడానికి చాలాకాలం పట్టింది. 1961 జనగణనలో భాగంగా ఆంధ్రప్రదేశ్‌లోని ఎంపిక చేసిన చేతివృత్తులపై ప్రత్యేక సర్వే సంపుటాలు వెలువడ్డాయి. పనివారి కుటుంబాలు, పరికరాలు, ముడిసరుకు, మార్కెట్టు వంటి వివరాలకు నేటికీ ఆ సర్వేలే దిక్కు. ఆ తరం నివేదికల్లోని నలుపు-తెలుపు ఫలకాలు మాత్రం రంగు విషయంలో మౌనం వహిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ సమానమైన వెలుగుతో ఉంటే నలుపు-తెలుపు చిత్రంలో రెండూ ఒకే బూడిదరంగు అవుతాయి. బొమ్మపై రంగుపట్టీ ఎక్కడ మారిందో తెలియదు.

తెలుగు ప్రాంతపు దారువస్తువులను వెలుతురు దృష్టితో చూస్తే మూడు రకాల ఉపరితలాలు కనిపిస్తాయి.

మొదటిది ఏటికొప్పాక లక్కపూత. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డునున్న ఈ ఊళ్ళో అంకుడుకర్రను తరిమెనపై తిప్పుతూ ఉలితో ఆకృతి తెస్తారు. తిరుగుతున్న కర్రకు లక్కబత్తిని ఒత్తితే, రాపిడివేడికి లక్క కరిగి పూతగా పరచుకుంటుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి వంటి వృక్షసంబంధమైన రంగులను లక్కలో కలిపే పద్ధతిని ఇక్కడ పునరుద్ధరించారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. తరిమెన పట్టిన ప్రతి వస్తువూ గోళమో, స్తంభమో, శంకువో అవుతుంది. లక్కపూసిన గోళం కుంభాకార దర్పణం. పతనకోణం, పరావర్తనకోణం సమానమన్న సూత్రం ప్రకారం అది తన ముందున్న గదినంతా కుదించి చూపుతుంది. చిన్న బల్బు దానిపై సూదిమొనంత తెల్లచుక్కగా కనపడుతుంది. వెడల్పైన కిటికీకి తెల్లగుడ్డ కడితే ఆ మెరుపు మృదువైన నిలువుపట్టీ అవుతుంది. ఆ పట్టీ అంచు ఎక్కడ వంగిందో చూసి బొమ్మ గుండ్రనితనాన్ని కన్ను గ్రహిస్తుంది.

మెరుపును పూర్తిగా తొలగించాలన్న ఉబలాటం ఇక్కడ ప్రమాదకరం. వస్తువు చుట్టూ తెల్లగుడ్డ గుడారంలా కప్పి తీసే పెట్టెలు ఇప్పుడు చౌకగా దొరుకుతున్నాయి. వాటిలో తీసిన లక్కబొమ్మ తెల్లటి పొర కప్పినట్లు వెలవెలబోయి ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. ధ్రువణ ఫిల్టరు విషయమూ అంతే. అలోహపు నునుపుతలంపై లంబరేఖ నుంచి దాదాపు 56 డిగ్రీల కోణంలో పరావర్తనం చెందిన వెలుతురు ధ్రువణం పొందుతుందన్నది డేవిడ్ బ్రూస్టర్ 1815లో నిరూపించిన సూత్రం. ఎడ్విన్ ల్యాండ్ కనిపెట్టిన పలుచని ధ్రువణపత్రాల వల్ల 1930లలో ఈ సూత్రం ఛాయాచిత్రకారుల చేతికి వచ్చింది. ఫిల్టరును తిప్పితే మెరుపు తగ్గి అడుగునున్న రంగు చిక్కబడుతుంది. రంగును నమోదు చేయడానికి అది మంచిదే. కానీ పూర్తిగా తిప్పేస్తే లక్క ఉన్నదన్న సంగతే చిత్రంలో ఉండదు. పనివాడు మొగలాకుతో రుద్ది తెచ్చిన మెరుగును ఫిల్టరు ఒక్క మలుపులో తుడిచేస్తుంది. అటువంటి వస్తువుకు మెరుపుతో ఒకటి, మెరుపు లేకుండా ఒకటి, రెండు చిత్రాలు ఉండడం ఉత్తమం.

రెండోది కొండపల్లి బొమ్మ. తెల్లపొనికి కర్రను చెక్కి, రంపపుపొట్టులో చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అవయవాలు అతికి, సుద్దపూత వేసి రంగులద్దుతారు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, దశావతారాలు ఒక్కొక్కటీ అనేక భాగాల కూర్పు. ఇక్కడ సమస్య లోతు. అంబారీ కింద, తాటాకుల మధ్య, బండిచక్రాల నడుమ నీడలు గూడుకట్టుకుంటాయి. టాల్బట్ తెల్లగుడ్డకు సరైన పని ఇక్కడే. ఒక పక్క కిటికీ, రెండో పక్క థర్మోకోల్ పలక, అవసరమైతే అడుగున తెల్లకాగితం చాలు. తెల్లరంగు అద్దిన బొమ్మను తెల్లని నేపథ్యంలో తీసేటప్పుడు మరో చిక్కు వస్తుంది. కెమెరాలోని వెలుతురు కొలమానం తన ముందున్న దృశ్యం సగటున మధ్యస్థ బూడిదరంగులో ఉంటుందన్న లెక్కపై నడుస్తుంది. అందువల్ల తెలుపును మసకబారుస్తుంది, నల్లచేవ కొయ్యను వెలవెలబోయేలా చేస్తుంది. తెల్లబొమ్మకు వెలుతురు పెంచాలి, నల్లదానికి తగ్గించాలి. తెల్లబొమ్మ అంచు నేపథ్యంలో కలిసిపోకుండా ఇరువైపులా కెమెరాకు కనపడనంత దూరంలో నల్ల అట్టముక్కలు నిలిపితే, వాటి ప్రతిబింబం సన్నని ముదురు అంచుగా బొమ్మను వేరుచేస్తుంది.

మూడోది పూతలేని కొయ్య. నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతపు చెక్కగరిటెలు, చెంచాలు ఈ కోవలోవి. వీటిలో రంగు అద్దినది కాదు, కొయ్యదే. చారలు, చేవ, ఉలిజాడ తప్ప చూపడానికి మరేమీ లేదు. ఎదురుగా వెలుతురు పడితే ఇవి చదునైన గోధుమరంగు ముక్కలవుతాయి. సాయంకాలపు ఎండలా ఉపరితలాన్ని రాసుకుంటూ వాలుగా పోయే వెలుతురులోనే ఉలి దిగిన చోటు, ఆకురాయి ఆగిన చోటు బయటపడతాయి. కాగితం నకలు తీయకముందు శాసనపరిశోధకులు అరిగిన అక్షరాలు చదవడానికి పక్కవాటుగా దీపం పట్టడం ఈ ఉపాయమే.

7. ఎరుపు ఇవ్వని దీపం:

కిటికీ దొరకని చోట విద్యుద్దీపం తప్పదు. ఇటీవలి కాలంలో ఎల్‌ఈడీ దీపాలు చౌకయ్యాక పనివారి ఇళ్ళలోనే బొమ్మలను చిత్రించడం సాధ్యమైంది. అయితే చౌకదీపం వెలుతురు కంటికి తెల్లగా కనిపించినా అందులో ముదురు ఎరుపు భాగం కొరవడుతుంది. దీపం రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్ఐ అంకెను ఎనిమిది లేతరంగుల సగటుతో లెక్కిస్తారు. గాఢమైన ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దాన్ని తొమ్మిదో నమూనాగా వేరుగా చూస్తారు. కాబట్టి పెట్టెపై మంచి అంకె ఉన్న దీపం కింద కూడా ఎర్రలక్క ఇటుకరంగులోకి, చేవకొయ్య బూడిదలోకి దిగిపోవచ్చు.

1850ల పళ్ళెం ఎరుపును చూడలేకపోయింది. నేటి చౌకదీపం ఎరుపును ఇవ్వలేకపోతోంది. కారణాలు వేరైనా రెండు సందర్భాల్లోనూ నష్టపోయేది కొయ్యే. తొలి ఛాయాచిత్రకారుడికి ఆ లోపం తెలుసు, టాల్బట్ దాన్ని గ్రంథంలోనే రాశాడు. నేటి చిత్రాన్ని చూసేవారికి అది తెలియదు. రంగు సరిగ్గా లేకపోతే తప్పు బొమ్మదే అనుకుంటారు. ట్యూబులైటు, కిటికీ కలిసిన గదిలో బొమ్మ ఒక పక్క నీలంగా, మరోపక్క పచ్చగా రావడం ఇంకో సాధారణ లోపం. ఒకే రకం వెలుతురు ఉంచి మిగతావి ఆర్పేయడం తప్ప దానికి ఖరీదైన మందేమీ లేదు. విద్యుత్తు 50 హెర్ట్జ్‌లలో ప్రవహించే మన దేశంలో నాసిరకం దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. చిత్రంలో అడ్డచారలు వస్తే కారణం అది. పగటి కిటికీకి ఈ దోషాలేవీ లేవు. కాకపోతే ఉదయం తీసిన బొమ్మకూ సాయంత్రం తీసిన బొమ్మకూ రంగు కుదరదు. ఒక తటస్థ బూడిదరంగు అట్టను మొదటి చిత్రంలో పెట్టి తీస్తే తరువాత రంగును సరిచూసుకునే ఆధారం ఉంటుంది.

8. అడుగుభాగం:

వృక్షసంబంధమైన రంగులతో చేసిన లక్కబొమ్మ, రసాయనరంగులతో చేసిన బొమ్మ పక్కపక్కన ఉంటే చేతిలోకి తీసుకున్నవారు తేడా కనిపెట్టగలరు. మొదటిదానిలో రంగు కొంత లోతుగా, శాంతంగా ఉంటుంది. ఫోను కెమెరా తనంతట తానే రంగులను గాఢం చేసి, గరుకును నునుపు చేసి చిత్రాన్ని అందిస్తుంది. రెండు బొమ్మలూ ఒకేలా వస్తాయి. అప్పుడు కొనేవారికి మిగిలే తేడా ధర ఒక్కటే. భౌగోళిక గుర్తింపు వస్తువు ఊరికీ తయారీవిధానానికీ ఇచ్చిన రక్షణ. ఆ విధానపు జాడలు చిత్రంలో చెరిగిపోతే, అనుకరణ బొమ్మను వేలెత్తి చూపే ఆధారం దూరాననున్న కొనుగోలుదారు చేతిలో ఉండదు.

టాల్బట్ తన పింగాణీ వస్తువుల చిత్రానికి రాసిన వివరణలో, దొంగ ఆ వస్తువులను ఎత్తుకుపోతే ఈ చిత్రమే న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలవవచ్చని సరదాగా ఊహించాడు. హస్తకళల విషయంలో ఆ ఊహ ఇప్పుడు సరదాగా లేదు. సాక్ష్యం కావాలంటే చిత్రంలో ఏముండాలన్నది సంగ్రహాలయాల అనుభవం నుంచి గ్రహించవచ్చు. ముఖభాగం ఒక్కటే చాలదు. తరిమెన నుంచి కోసిన చోటు కనపడే అడుగుభాగం, మక్కుతో అతికిన అతుకు, పూత పట్టని లోపలి కొయ్య, పరిమాణం తెలిపే కొలబద్ద, చేసినవారి పేరు, ఊరు, తేదీ. అమ్మకపు పట్టికల్లో ముందుగా తొలగించేవి ఇవే. తెల్లని నేపథ్యంలో గాలిలో తేలే బొమ్మకు అడుగూ ఉండదు, చేసినవారూ ఉండరు.

ఇంకొక చిత్రం కూడా తీయదగినది. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువులో మెట్లమీద పేర్చిన ఈ బొమ్మలు పక్కనున్న నూనెదీపం వెలుగులో కనిపించేవి. దీపం వణికినప్పుడల్లా లక్కపై మెరుపు జరుగుతుంది, ఏనుగు నీడ వెనుక మెట్టుపై పెద్దదై కదులుతుంది. షీలర్ నీడ, ఎవన్స్ కదిలే దీపం రెండూ అక్కడ ఒకేచోట ఉన్నాయి. ఆ వెలుతురులో తీసిన చిత్రంలో రంగు నిజంగా ఉండదు, ఉలిజాడ కనపడదు, కొలతలు తెలియవు. ఆ బొమ్మను పిల్లలు ఏ వెలుగులో చూశారో మాత్రం అందులోనే నమోదవుతుంది. సూచీలో దానికీ ఒక వరుససంఖ్య ఇచ్చి, సమకాంతిలో తీసిన చిత్రం పక్కనే ఉంచవచ్చు.